క్యాన్సర్ రోగి జ్వరాన్ని మలేరియా ఖాతాలో వేయకండి

సంపాదకులకు,

అయ్యా,

క్యాన్సర్ గురించి మన తెలుగు పత్రికల్లో వచ్చే వ్యాసాల్లో ఎక్కువ భాగం పొగాకు మానడం, గడ్డను ముందుగా గుర్తించడం, మందుల ధరలు అనే విషయాల చుట్టూనే తిరుగుతుంటాయి. అవన్నీ అవసరమే. అయితే జబ్బు బయటపడి, వైద్యం మొదలై, రోగి విశాఖపట్నంలోనో బరంపురంలోనో కటక్‌లోనో కీమో ఎక్కించుకుని, లేదా పిత్తనాళంలో స్టెంట్ అనే సన్నని గొట్టం వేయించుకుని ఆంధ్ర-ఒడిశా సరిహద్దులోని మా ఊళ్లకు తిరిగి వచ్చాక ఏం జరుగుతుందో రాసేవారు తక్కువ. అలా ఇంటికి చేరినవారిలో కొందరు క్యాన్సర్ గడ్డ ముదరకముందే, రక్తంలోకి దిగిన బ్యాక్టీరియా వల్ల రెండు మూడు రోజుల్లో చనిపోతున్నారు. పర్లాకిమిడిలో ఒక చిన్న ల్యాబొరేటరీలో చాలా ఏళ్లుగా టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ఆ రక్తం నమూనాలు నా చేతుల మీదుగా పోతుంటాయి కనుక ఈ ఉత్తరం రాయడానికి పూనుకున్నాను. నేను వైద్యుడిని కాను, మందు చెప్పడం నా పని కాదు. ఈ రోగులకు జ్వరం వస్తే మా ప్రాంతంలో దానికి ముందుగా ఏ పేరు పెడుతున్నాం, ఆ పేరు తప్పని తేలేసరికి ఎన్ని గంటలు చేజారుతున్నాయి అన్నదే నేను చెప్పదలచిన సంగతి.

గజపతి, రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి జిల్లాల్లో చలి, వణుకుతో జ్వరం వచ్చిందంటే ఎవరి నోటికైనా ముందు వచ్చే పేరు మలేరియా. అందులో వింత లేదు. దేశంలో మలేరియా బాగా ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో దక్షిణ ఒడిశా కొండలు దశాబ్దాలుగా ఉన్నాయి. 2017లో రాష్ట్ర ప్రభుత్వం ‘దమన్’ కార్యక్రమం మొదలుపెట్టి, దారి సరిగా లేని పల్లెల్లో జ్వరం ఉన్నవారికీ లేనివారికీ కూడా రక్తపరీక్ష చేసి మందులివ్వడం వల్ల కేసులు బాగా తగ్గాయి. ఆశా కార్యకర్త సంచిలోని చిన్న కిట్టు మీద ఒక బొట్టు రక్తం వేసి, పదిహేను ఇరవై నిమిషాల్లో ఫలితం చెప్పే పద్ధతి ఎందరి ప్రాణాలనో నిలబెట్టింది. ఆ అలవాటును నేను తప్పుపట్టడం లేదు. కానీ కీమో తీసుకుంటున్న మనిషి దగ్గరికి వచ్చేసరికి అదే అలవాటు ఎదురు తిరుగుతోంది. కిట్టులో గీత పడకపోతే ‘మలేరియా లేదు, మామూలు జ్వరమే’ అని పారాసెటమాల్ ఇచ్చి ఇంటికి పంపేస్తున్నారు. మర్నాటికీ తగ్గకపోతే టైఫాయిడ్ ఉందేమో చూడమని వైడాల్ పరీక్షకు మాలాంటి వాళ్ల దగ్గరికి పంపుతున్నారు. మలేరియా లేదని తెలిసిన క్షణం నుంచి ఆ ఇంట్లోవారు మరింత కంగారు పడవలసింది పోయి, ఊపిరి పీల్చుకుంటున్నారు.

కంగారు ఎందుకో వివరించాలి. కీమో మందులు త్వరత్వరగా విభజన చెందే కణాలను చంపుతాయి. ఎముక మజ్జలో తెల్లకణాలను పుట్టించే కణాలు కూడా ఆ కోవలోవే కాబట్టి, మందు ఎక్కించిన తర్వాత సుమారు వారం నుంచి రెండు వారాల మధ్య రక్తంలో న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు అడుగంటుతాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో ఘన మిల్లీమీటరు రక్తానికి మొత్తం తెల్లకణాలు 4,000 నుంచి 11,000 వరకూ ఉంటాయి, వాటిలో సగం లేదా అంతకన్నా ఎక్కువ న్యూట్రోఫిల్సే. వాటి సంఖ్య 500 కంటే దిగువకు పడిపోయినప్పుడు ప్రమాదం బయటినుంచి రానక్కరలేదు. మన పేగుల్లో, నోట్లో, చర్మం మీద ఎప్పుడూ కాపురం ఉండే సూక్ష్మజీవులే కీమో వల్ల పుండ్లు పడిన పేగు పొరను దాటుకుని రక్తంలోకి దిగుతాయి. ఇంకో చిక్కు ఉంది. చీము పట్టడం, ఎర్రబారి వాయడం, ఛాతీ ఎక్స్‌రేలో మచ్చ కనిపించడం వంటివన్నీ చాలావరకు న్యూట్రోఫిల్స్ చేసే పోరాటానికి గుర్తులు. అవే లేనప్పుడు గొంతు బాగానే కనిపిస్తుంది, ఊపిరితిత్తులు శుభ్రంగానే కనిపిస్తాయి, రోగి నడుచుకుంటూ వచ్చి బెంచీ మీద కూర్చుంటాడు. జ్వరం ఒక్కటే ఆనవాలు. అందుకే కీమో మీద ఉన్న మనిషికి ఒక్కసారి 101 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపినా, 100.4 డిగ్రీలు గంటసేపు నిలిచినా దాన్ని అత్యవసర పరిస్థితిగా తీసుకోవాలనీ, ఆసుపత్రి గుమ్మం తొక్కిన గంటలోపు నరం ద్వారా మొదటి యాంటీబయాటిక్ పడాలనీ ప్రపంచమంతటా వైద్యులు పాటించే నియమం. సెప్సిస్, అంటే ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితి, వచ్చి రక్తపోటు పడిపోయి షాక్‌లోకి వెళ్లిన రోగుల మీద జరిగి 2006లో వెలువడిన ఒక పెద్ద పరిశీలనలో, తొలి ఆరు గంటల్లో సరైన మందు ఒక్కో గంట ఆలస్యమైనకొద్దీ బతికేవారి శాతం సగటున 7.6 చొప్పున తగ్గుతూ వచ్చింది. మా దగ్గర ఆలస్యం గంటల్లో ఉండడం లేదు, పూటల్లో ఉంటోంది.

ఈమధ్య ఒక సాయంత్రం వంశధార అవతలి పల్లె నుంచి ఒకావిడను భర్త బండి మీద కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడు. రొమ్ము క్యాన్సర్, ఆపరేషన్ అయింది, విశాఖలో కీమో నడుస్తోంది, ఆఖరి విడత ఎక్కించి పది రోజులు దాటింది. చీటీ మీద మలేరియా, వైడాల్, సీబీసీ (రక్తకణాల లెక్క) అని మూడు పరీక్షలు రాసి ఉన్నాయి. అంతకుముందే పారాసెటమాల్ వేసుకున్నందువల్ల ఒళ్లు చల్లగానే ఉంది. దుప్పటి కప్పుకుని గోడకు ఆనుకుని కూర్చుని, అడిగినదానికి ఒక్కో మాట ఆలస్యంగా జవాబు చెబుతోంది. మిషన్ మొత్తం తెల్లకణాలు 700 అని చూపి, పక్కన హెచ్చరిక గుర్తు వేసింది. స్లైడు గీసి, లీష్‌మన్ రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. ఎర్రకణాల్లో మలేరియా పరాన్నజీవి ఎక్కడా లేదు. తెల్లకణం కోసం వరుస వెంట వరుస జరుపుకుంటూ పోతే అక్కడొకటి ఇక్కడొకటి లింఫోసైట్లు అనే మరో రకం తెల్లకణాలు తప్ప న్యూట్రోఫిల్ కనబడడమే గగనమైంది. అలవాటు ప్రకారమైతే ‘మలేరియా లేదు’ అని ఒక కాగితం, మిగిలినవి రేపు ఉదయం అని ఒక మాట. అలా కాకుండా ఆ కౌంట్ ఏమిటో చీటీ రాసిన డాక్టరుగారికి ఫోన్‌లో చదివి వినిపించాను. ఆయన కాలయాపన చేయలేదు. చేర్చుకుని, రక్తం తీసి, నరానికి మందు పెట్టించి, విశాఖకు ఫోన్ చేసి, ఆ రాత్రే పంపించారు. ఆవిడ తిరిగి వచ్చి మళ్లీ మా దగ్గరే కౌంట్ చూపించుకుంది. మొదటి డోసు ఇక్కడే పడడం వల్లే దారిలో పరిస్థితి చేయి దాటలేదని అక్కడివారు అన్నారట. అదే చీటీ పట్టుకుని ఆవిడ ఆదివారం నాడు వచ్చి ఉంటే మా తలుపుకు తాళం ఉండేది.

బ్యాక్టీరియా రక్తంలోకి దిగడానికి ఇది ఒక దారి. రెండోది పిత్తనాళం. మా ప్రాంతంలో దీన్ని గుర్తించడం ఇంకా కష్టం, ఎందుకంటే ఇక్కడ వణుకుజ్వరానికి తోడు పచ్చకామెర్లు కూడా కలుస్తాయి.

కాలేయం రోజుకు అర లీటరు నుంచి లీటరు వరకూ పైత్యరసాన్ని తయారుచేస్తుంది. అది పిత్తనాళం గుండా చిన్నపేగులోకి దిగుతుంది. నాళం పేగులో కలిసే చోట ఒక కండరపు బిగింపు ఉండి, పేగులోని సూక్ష్మజీవులు పైకి పోకుండా చూస్తుంది. పాంక్రియాస్ (క్లోమగ్రంథి) తలభాగంలోనో, పిత్తాశయంలోనో, నాళంలోనే ఎక్కడో క్యాన్సర్ పుట్టినా, మరో చోటి క్యాన్సర్ కాలేయం ముఖద్వారం దగ్గరి గ్రంథుల్లోకి పాకినా ఆ దారి మూసుకుపోతుంది. నిలిచిపోయిన పైత్యరసంలో ఈ.కోలై, క్లెబ్సియెల్లా, ఎంటెరోకాకస్ వంటి పేగు బ్యాక్టీరియా పెరుగుతాయి. లోపల ఒత్తిడి పెరిగేకొద్దీ అవి వెనక్కు తన్ని, కాలేయంలోని సన్నని రక్తనాళాల్లోకి చేరతాయి. పొద్దున నాళంలో ఉన్న ఇన్ఫెక్షన్ రాత్రికి రక్తమంతా పాకడానికి ఆ ఒత్తిడి చాలు. వణుకుతో జ్వరం, కళ్లు పచ్చబడడం, పొట్ట పైభాగంలో కుడివైపు నొప్పి, ఈ మూడూ కలిసి వస్తే పిత్తనాళంలో ఇన్ఫెక్షన్ అని ఫ్రెంచి వైద్యుడు షార్కో 1877లోనే రాసిపెట్టాడు. అయితే మూడూ అందరిలో కనిపించవు. ముసలివారిలో, నీరసించినవారిలో, స్టెరాయిడ్లు వాడేవారిలో జ్వరమే తెలియకపోవచ్చు. మనిషి మాట తడబడడం, నాడి బలహీనపడడం, మూత్రం తగ్గిపోవడం ముందు కనిపించవచ్చు.

మూసుకున్న దారిని తెరవడానికి ఎండోస్కోపీ ద్వారా, అంటే ఈఆర్‌సీపీ అనే పద్ధతిలో, నాళంలో స్టెంట్ వేస్తారు. కామెర్లు దిగుతాయి, దురద పోతుంది, ఆకలి పుడుతుంది, కీమో మొదలుపెట్టడానికి వీలవుతుంది. ఇంట్లోవారు జబ్బు సగం తగ్గినట్టే అనుకుంటారు. కానీ కాపలాగా ఉన్న ఆ కండరపు బిగింపును దాటుకుని గొట్టం వేసినందువల్ల పేగులోని బ్యాక్టీరియాకు కూడా పైకి దారి దొరుకుతుంది. ప్లాస్టిక్ స్టెంట్ లోపలి దారి మహా అయితే మూడు మిల్లీమీటర్లు. దాని గోడలకు బ్యాక్టీరియా పాచిలా పట్టి, పైత్యరసంలోని మడ్డి చేరి, సాధారణంగా మూడు నెలల ప్రాంతంలో పూడిపోతుంది. లోహపు స్టెంట్ సెంటీమీటరు వరకూ విచ్చుకుంటుంది కనుక ఎక్కువ కాలం నిలుస్తుంది, ఖరీదు కూడా ఎక్కువే. అయినా దాని కన్నాల్లోంచి గడ్డ లోపలికి పెరగవచ్చు. ఈ సంగతి ఎండోస్కోపీ చేసినవారికి తెలుసు, డిశ్చార్జి కాగితంలో రాస్తారు కూడా. ఎక్కడ రాస్తారంటే, మూడో పేజీ అడుగున, సలహాల వరుసలో, ఇంగ్లీషులో.

స్టెంట్ పూడినప్పుడు వచ్చే జ్వరానికి యాంటీబయాటిక్ ఒక్కటే చాలదన్నది ముఖ్యంగా తెలియవలసిన విషయం. మూసుకుపోయిన నాళంలోకి మందు సరిగా చేరదు. కాలువకు అడ్డంపడిన మొద్దును తీయకుండా గట్టు మీద సున్నం చల్లితే నీరు కదలదు కదా. స్టెంట్ మార్చాలి, అది కుదరకపోతే పక్కటెముకల కింద నుంచి సూదితో కాలేయంలోకి వెళ్లి పైత్యరసాన్ని బయటి సంచిలోకి తీయాలి. ఈ రెండూ జరిగే చోటికి రోగిని చేర్చాలి. అందుకని జ్వరం రెండు రోజులు చూద్దాం, మందు మార్చి చూద్దాం అనే మాటకు ఇక్కడ తావు లేదు. పైగా పైత్యరసం పేగుకు చేరకపోతే విటమిన్ కె ఒంటికి పట్టదు, రక్తం గడ్డకట్టే సమయం పెరుగుతుంది. ఆ పరీక్ష ఫలితం చేతిలో ఉంటే, దిద్దుబాటు ఇంజెక్షన్ ఇక్కడే మొదలుపెట్టి పంపితే, అక్కడ ప్రక్రియ మరో పూట వాయిదా పడకుండా ఉంటుంది. ఆ ఒక్క పరీక్ష మా ఊరి చిన్న ల్యాబులు కూడా హాయిగా చేయగలవు.

రక్తం గొట్టాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ఆపాక పైన తేలే సీరం మామూలుగా లేత గడ్డి రంగులో ఉంటుంది. స్టెంట్ పూడిన మనిషి సీరం ముదురు పసుపు దాటి ఆకుపచ్చకు తిరిగినట్టు ఉంటుంది, గొట్టం పైకెత్తగానే తెలిసిపోతుంది. అలాంటి నమూనా ఒకటి చూసి, తెచ్చిన కుర్రవాడిని ‘మీ నాన్నగారికి విరోచనం ఏ రంగులో అవుతోంది?’ అని అడిగితే ‘ముగ్గుపిండిలా తెల్లగా అవుతోందండి, పదిరోజులైంది’ అన్నాడు. ఫైలు తెరిచి చూస్తే స్టెంట్ వేసి అయిదో నెల నడుస్తోంది. మధ్యలో రెండుసార్లు చలిజ్వరం వస్తే మలేరియా మాత్రలు మింగించారు, కళ్లు పచ్చబడ్డాక పసరు పోయించారు.

పసరు మాట వచ్చింది కాబట్టి దాని గురించీ రాయాలి. మా వైపు కామెర్లంటే డాక్టరు కన్నా ముందు పసరు వైద్యుడే గుర్తొస్తాడు. నేల ఉసిరి నూరి మజ్జిగలో ఇస్తారు, కంట్లో పసరు పిండుతారు, ముంజేతి మీద చురకలు పెడతారు, ఉప్పూ నూనే పత్యం పెడతారు. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి కనుక ఆ వైద్యానికి పేరు నిలిచింది. ఆ పేరును నమ్ముకుని, నాళం మూసుకుపోయిన రోగి పత్యం పేరుతో తిండి మాని, అసలే చిక్కిన ఒళ్లు ఇంకా చిక్కి, చురక పుండుతో ఆసుపత్రికి చేరుతున్నాడు. న్యూట్రోఫిల్స్ లేని ఒంటికి ఆ పుండు కూడా బ్యాక్టీరియాకు ఒక ద్వారమే. దీనికి తోడు మా గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది. అందులో ఎర్రకణాలు త్వరగా చితికిపోవడం వల్ల కళ్లు ఎప్పుడూ కాస్త పచ్చగా ఉంటాయి, చుట్టుపక్కలవారు దానికి అలవాటుపడి ఉంటారు. ఎర్రకణాలు చితకడం వల్ల మాత్రమే వచ్చే ఆ పచ్చదనానికీ, నాళం మూసుకుపోవడం వల్ల వచ్చేదానికీ తేడా కనిపెట్టడం కష్టం కాదు. మూసుకుపోయినప్పుడు విరోచనం తెల్లబడుతుంది, మూత్రం ముదురు టీ రంగుకు వస్తుంది, ఒళ్లంతా దురద పుడుతుంది, రక్తపరీక్షలో ఆ పచ్చరంగుకు కారణమైన బిలిరుబిన్‌లోని డైరెక్ట్ భాగం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము బాగా పెరుగుతాయి. ఆశా కార్యకర్త అడగవలసిన ప్రశ్న ‘కళ్లు పచ్చగా ఉన్నాయా’ అన్నదానితో ఆగకుండా ‘విరోచనం తెల్లగా ఉందా, స్టెంట్ వేశారా, ఎప్పుడు వేశారు’ అన్నంతవరకూ పోవాలి.

ఇక వైడాల్ సంగతి. 1896 నాటి పరీక్ష అది. టైఫాయిడ్ క్రిములకు వ్యతిరేకంగా రక్తంలో పుట్టే ప్రతిరక్షకాలను చూస్తుంది. అవి పుట్టడానికే దాదాపు వారం పడుతుంది, పాత జ్వరం తాలూకువి నెలల తరబడి మిగిలి ఉంటాయి. టైఫాయిడ్ తరచుగా వచ్చే మనలాంటి చోట ఒక్కసారి చేసిన వైడాల్ ఫలితంతో ఏదీ తేల్చలేమని పుస్తకాలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. అయినా జ్వరం చీటీల్లో అది లేని చీటీ అరుదు. మాలాంటి ల్యాబులకు దానివల్ల రాబడి ఉందన్న సంగతి కూడా ఇక్కడ దాచనక్కరలేదు. క్యాన్సర్ రోగికి కావలసింది బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోని బ్యాక్టీరియాను సీసాలో పెంచి అదేమిటో చూసే పరీక్ష. మందు పడకముందే, చర్మాన్ని స్పిరిట్‌తోనో క్లోర్‌హెక్సిడిన్‌తోనో శుభ్రంగా తుడిచి, ఆరనిచ్చి, రెండు వేర్వేరు చోట్ల నుంచి, పెద్దవారికి సీసాకు ఎనిమిది నుంచి పది మిల్లీలీటర్ల రక్తం తీయాలి. మందు ఎక్కించడానికి ఛాతీలో కీమో పోర్టో, చేతిలో పిక్ లైనో అమర్చి ఉన్నవారికి అందులోంచి ఒక నమూనా, మామూలు నరం నుంచి ఒకటి తీస్తారు. లైను నుంచి తీసినదాంట్లో బ్యాక్టీరియా రెండు గంటలో అంతకన్నా ఎక్కువో ముందుగా పెరిగితే ఇన్ఫెక్షన్ ఆ లైనులోనే ఉందని అనుమానించవచ్చు. ఆ లైనులను సెలైన్ ఎక్కించడానికి మందులషాపు వెనక గదిలో ఎవరు పడితే వారు తెరవడం నేను కళ్లారా చూశాను. లైను ఉన్న రోగి ఇంట్లోవారు దాన్ని ఎవరి చేతిలోనూ పెట్టకూడదు.

కల్చర్ ఎందుకంటే, ఇప్పుడు ఏ మందుకు ఏ క్రిమి లొంగుతుందో ఊహించి చెప్పే రోజులు పోయాయి. పెద్ద మందులనుకునే కార్బపెనెమ్‌లను కూడా పనికిరాకుండా చేసే ఎన్‌డీఎం ఎంజైమును 2008లో ఢిల్లీలో వైద్యం చేయించుకుని వెళ్లిన రోగి నుంచి తీసిన క్లెబ్సియెల్లాలో గుర్తించారు. అప్పటినుంచి ఆ జాతి క్రిములు మన ఆసుపత్రుల్లో స్థిరపడ్డాయి. ఊళ్లో జ్వరానికి అలవాటుగా వేసే సెఫ్‌ట్రయాక్సోన్ ఇంజెక్షన్, న్యూట్రోఫిల్స్ పడిపోయినవారిని ముఖ్యంగా భయపెట్టే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా మీద పనిచేయదు. అంటే ఆర్‌ఎంపీ వేసిన ఆ ఒక్క ఇంజెక్షన్ రెండు విధాలా చెరుపు చేస్తుంది. జబ్బును అణచదు, తర్వాత తీసిన కల్చర్ సీసాలో క్రిమిని పెరగనివ్వదు. కండకు పొడిచే ఇంజెక్షన్ అయితే, కీమోతో ప్లేట్‌లెట్లు కూడా తగ్గి ఉన్న రోగికి అక్కడే లోపల రక్తం కారి గడ్డకట్టి కొత్త పుండు తయారవుతుంది. సెఫ్‌ట్రయాక్సోన్‌తో సహా చాలా యాంటీబయాటిక్‌లు 2014 నుంచి హెచ్1 షెడ్యూల్‌లో ఉన్నాయి. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినది రిజిస్టరులో రాయాలి. రిజిస్టరు మా వీధిలో ఎంత శ్రద్ధగా నడుస్తుందో పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. అయితే ఒక మాట మరువకూడదు. కల్చర్ సీసా దొరకలేదని యాంటీబయాటిక్‌ను ఆపకూడదు. సీసా ఉంటే ముందు రక్తం, వెంటనే మందు. సీసా లేకపోతే నేరుగా మందు.

సరిహద్దు కావడం వల్ల వచ్చే చిక్కులు వేరు. మా రోగుల్లో చాలామందికి పెద్దాసుపత్రి అంటే విశాఖే. గుణుపురం నుంచి నౌపడా మీదుగా పోయే ప్యాసింజరు, రాయగడ నుంచి పార్వతీపురం, బొబ్బిలి మీదుగా పోయే బండ్లు పొద్దున్నే ఫైళ్లు పట్టుకున్నవారితో నిండి ఉంటాయి. అగనంపూడిలో టాటా స్మారక సంస్థవారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వచ్చాక ఆ రద్దీ పెరిగింది. వైద్యం ఆంధ్రలో, ఇల్లు ఒడిశాలో. జ్వరం వచ్చేది ఇంట్లో, అదీ రాత్రిపూట. ఒకప్పుడు ఆరోగ్యశ్రీ అన్న, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్న ఆంధ్ర ఉచిత వైద్య పథకం అక్కడి నివాసులకు. మా ఒడిశా ఆరోగ్య కార్డు అక్కడ ఏ జబ్బుకు చెల్లుతుంది, కీమో కింద చెల్లినది కీమో వల్ల వచ్చిన జ్వరానికీ చెల్లుతుందా, స్టెంట్ మార్పుకు చెల్లుతుందా అన్నవి అర్ధరాత్రి వరండాలో నిలబడి అడిగి తెలుసుకోవలసిన విషయాలు కావు. మా బంధువులలో ఒకరి విషయంలో అంబులెన్సు రాష్ట్రం దాటడానికి అనుమతి కావాలన్నారు. అనుమతి ఇచ్చే అధికారి ఫోను తీసేసరికి తెల్లారింది. పర్లాకిమిడి నుంచి ఆంధ్రలోని పాతపట్నం ఎంత దగ్గరో ఈ వైపు వచ్చినవారందరికీ తెలుసు.

కాగితం భాష కూడా ఒక అడ్డే. డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. ఇంట్లో పెద్దవారు తెలుగు చదువుతారు, ఒడియా బడికి పోయిన పిల్లలు ఒడియా చదువుతారు, కొండమీది సవర గిరిజనుల్లో చాలామందికి ఏ రాతా అక్కరకు రాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకుని వారికోసం పుస్తకాలు రాసిన ఊరు ఇది. నూరేళ్లు దాటాక కూడా, ఒక సవర ఇంట్లో కీమో రోగి ఉంటే ఏ జ్వరానికి ఎంతసేపట్లో కదలాలో వాళ్ల మాటలో చెప్పేవారు లేరు.

నేను కోరేవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. సరిహద్దు జిల్లాల రోగులకు వైద్యం చేసే ప్రతి క్యాన్సర్ ఆసుపత్రీ డిశ్చార్జి కాగితం మొదటి పేజీలోనే, తెలుగులోనూ ఒడియాలోనూ, పెద్ద అక్షరాల్లో అయిదు విషయాలు ముద్రించాలి. ఆఖరి కీమో తేదీ, కౌంట్ పడిపోయే రోజులు, స్టెంట్ ఉంటే అది ప్లాస్టిక్‌దా లోహానిదా, దాన్ని మార్చవలసిన తేదీ, రాత్రి కూడా ఎత్తే ఒక ఫోన్ నంబరు ఉండాలి. రోగితో పాటు ఒక డిజిటల్ థర్మామీటరు ఇంటికి పోవాలి. జ్వరం చూసుకోకుండా పారాసెటమాల్ మింగకూడదని నర్సు నోటితో చెప్పి, తిరిగి చెప్పించుకోవాలి. మలాశయంలో థర్మామీటరు పెట్టకూడదన్నది కూడా అప్పుడే చెప్పాలి, ముఖ్యంగా పిల్లల తల్లిదండ్రులకు. ఇక్కడి జిల్లా, సబ్‌డివిజన్ ఆసుపత్రుల్లో క్యాన్సర్ రోగి జ్వరంతో వస్తే మలేరియా కిట్టు, సీబీసీ, కల్చర్ ఒకేసారి జరగాలి. మొదటి డోసు ఏది వేయాలో బరంపురం ఎంకేసీజీ, కోరాపుట్ సహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాలల నిపుణులు తమ దగ్గరి కల్చర్ ఫలితాలను చూసి ముందే నిర్ణయించి, ఆ మందును అత్యవసర విభాగం అలమారలో ఉంచాలి. పైకి పంపడం ఆ డోసు పడ్డాకే. కాగితం మీద ‘ఉన్నత వైద్యానికి పంపడమైనది’ అని రాసి చేతులు దులుపుకునే పద్ధతి ఈ ఒక్క జబ్బు విషయంలోనైనా ఆగాలి. పంపేటప్పుడు ఏ మందు, ఎన్ని గంటలకు, కల్చర్ తీశారా లేదా అన్నది రాసి పంపితే అవతలివారు మొదటినుంచీ మొదలుపెట్టనక్కరలేదు.

కల్చర్ పెరిగే యంత్రం ప్రతి ఊళ్లోనూ ఉండనక్కరలేదు. సీసాలు ఉంటే చాలు. రక్తం తీసిన సీసాను వైద్య కళాశాలకు చేర్చే ఏర్పాటు ఉంటే, చాలా క్రిములు ఒకటి రెండు రోజుల్లోనే పెరిగి తెలుస్తాయి. అయిదు రోజుల వరకూ చూసి ఏమీ లేదని చెబుతారు. ఆ సీసాను ఫ్రిజ్‌లో పెట్టకూడదు, గది వేడిమిలోనే ఉంచి వీలైనంత త్వరగా చేర్చాలి. ఈ చిన్న సంగతి తెలియక, మంచుగడ్డల పెట్టెలో పెట్టి పంపిన సీసాలు నేను చూశాను. బరంపురానికి రోజూ పోయే బస్సులున్నాయి, మలేరియా స్లైడ్లు ఒకప్పుడు అలాగే పోయేవి. ప్రతి సబ్‌డివిజన్ ఆసుపత్రిలో కనీసం రెండు జతల సీసాలు ఎప్పుడూ ఉండేలా, వాటి గడువు తేదీ చూసి మార్చే బాధ్యత ఏ ఉద్యోగిదో గోడ మీద రాసి ఉండేలా రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు ఆదేశాలివ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక ల్యాబొరేటరీ టెక్నీషియన్
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా
(ఉద్యోగరీత్యా పేరు ప్రచురించవద్దని మనవి)